పాత కంప్యూటరు కొనుట పొదుపు కాదు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సొమ్ము గ్రామస్థులందరి సొమ్ము. కావున ఒక్కొక్క రూపాయిని ఆచితూచి ఖర్చు చేయుట మన ధర్మము. కార్యాలయమునకు కంప్యూటరు కావలసి వచ్చినపుడు కొత్తదాని వెల విని వెనుదీయుటయు, అందులో కొద్దిభాగమునకే దొరకు పాత యంత్రమును కొందమని తలచుటయు సహజము. ఈ తలంపు పొదుపు బుద్ధినుండి పుట్టినదే. అయినను దీనిని నిగ్రహించుకొనుటయే నిజమైన పొదుపని మనవి చేయుటకే మీ ముందు నిలిచితిని.

పాత కంప్యూటర్లు ఇప్పుడింత చవకగా ఎందుకు వచ్చుచున్నవో మొదట విచారింతము. 2015లో వెలువడిన విండోస్ 10 అను వ్యవస్థకు దానిని తయారు చేసిన మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ సహాయమును నిలిపివేసినది. దాని తరువాతిదైన విండోస్ 11 పాత యంత్రములను అంగీకరింపదు. టి.పి.ఎం. 2.0 అను రక్షణ చిప్పు ఉండవలెను. ఇంటెల్ ప్రాసెసరైనచో సాధారణముగా ఎనిమిదవ తరమునకు గాని, ఆ తరువాతి తరములకు గాని చెందినదై యుండవలెను. ఇట్టి అర్హత లేని యంత్రములను పెద్ద కార్యాలయములు వదలించుకొనును. వారు వదలించుకొన్న భారమును మనము వెలయిచ్చి నెత్తికెత్తుకొనుట తగునా?

సహాయము నిలిచిపోయిన మాత్రమున యంత్రము ఆగిపోదు కదా యని మీరడుగవచ్చును. నిజమే, ఆగదు. కాని చెరువు గట్టును చూడుడు. ఏటేట మరమ్మతు చేయని గట్టు ఒక్కనాడే తెగిపోదు. చిన్న చిన్న బొరియలు పడుచునే యుండును. కంప్యూటరు వ్యవస్థలోను అట్టి లోపములు ఎప్పటికప్పుడు బయటపడుచుండును. తయారుచేసినవారు సవరణలు పంపి వానిని పూడ్చుచుందురు. సవరణలు ఆగిన పిదప ఆ బొరియలు అట్లే యుండును. దొంగలకు మాత్రము వాని జాడ తెలిసిపోవును. రుసుము చెల్లించు సంస్థలకు 2028 వరకు సవరణలు పంపు ఏర్పాటు కలదు గాని, ఒక్కొక్క యంత్రమునకు మొదటి ఏట 61 డాలర్లుగా ప్రకటింపబడిన ఆ రుసుము ఏటికేడు రెట్టింపగును. మూడేండ్లలో అది పాత యంత్రము వెలనే మించిపోగలదు.

ఇందు మనకు కలుగు ప్రమాదము చిన్నది కాదు. 2020 ఏప్రిల్ 24న ఆరంభమైన ఈ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీ ప్రణాళికలు, లెక్కలు నడుచుచున్నవి. డిజిటల్ సంతకముల మూలమున చెల్లింపులు జరుగుచున్నవి. వెనుకటి కాలమున ఇనుప పెట్టెకు ఎంత భద్రముండెనో నేడు ఆ సంతకము వాడు కంప్యూటరుకు అంత భద్రముండవలెను. తాళము పట్టని పెట్టె ఎంత చవకగా దొరికినను అందులో గ్రామ ధనమును పెట్టుదుమా?

పశువుల సంతలో ఎద్దును బేరమాడువారు దాని కొమ్ములకు పూసిన రంగును చూచి మోసపోరు. నోరు తెరచి పండ్లు చూతురు. కంప్యూటరుకును పండ్లున్నవి. "ఐ5 యంత్రమండీ, చాల మంచిది" అని దుకాణదారుడు చెప్పును. ఆ పేరు 2009 నుండియు వాడుకలో నున్నది కావున పేరును బట్టి వయస్సు తెలియదు. దాని ప్రక్కనున్న సంఖ్యను చూడవలెను. ఐ5-6500 అనియున్నచో మొదటి అంకెను బట్టి ఆరవ తరము. ఐ5-8500 అనియున్నచో ఎనిమిదవ తరము. 10400 వలె అయిదంకెలున్నపుడు మొదటి రెండంకెలు తరమును తెలుపును. కోర్ 2 డ్యూయో అని చెప్పినచో అది 2006 నాటి వంశమని గ్రహించి ఇంటికి మరలుడు.

ఇక పోషణ ఖర్చు. గాజు గొట్టపు తెరతో కూడిన పాత యంత్రము 150 వాట్లు తీసికొనుననుకొందము. దినమునకు 8 గంటల వంతున 300 దినములు వాడినచో 360 యూనిట్లగును. 40 వాట్లు తీసికొను ల్యాప్‌టాప్‌నకు అంతే పనికి 96 యూనిట్లు చాలును. ఏటేట 264 యూనిట్ల భేదము! పాత మదర్‌బోర్డునకు సరిపడు ర్యామ్ కొత్త రకములతో కలియదు. తిరుగుడు పళ్లెములు గల హార్డ్ డిస్కు అరుగుచుండును. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ వాడకపోయినను కాలక్రమమున బలము కోల్పోవును. బిల్లు చెల్లింపవలసిన నాడు యంత్రము మొరాయించినచో పనిచేసిన కూలీ ఎదురుచూడవలసి వచ్చును. దున్నబోయిన దూడలలో, మేయబోయిన ఆవులలో చేరు పశువును కట్టివేసికొన్నట్లగును.

ఇట్లన్నందున మీ కార్యాలయములో ఇదివరకే యున్న యంత్రమును పారవేయుమని నా అభిప్రాయము కాదు. ఉన్నదానిని సంరక్షించుకొనుట వేరు, పాతదానిని వెదకి కొనుట వేరు. ఎనిమిదవ తరపు యంత్రము మందగించినచో హార్డ్ డిస్కును తీసి ఎస్.ఎస్.డి.ని అమర్చి, ర్యామ్ పెంచినచో మరికొన్ని ఏండ్లు చక్కగా పనిచేయును. అంతకు పాతదైనచో ఉచితముగా లభించు లినక్స్ వ్యవస్థను వేసి గ్రంథాలయమున పిల్లల అభ్యాసమునకు ఉంచవచ్చును. డిజిటల్ సంతకపు పనికి మాత్రము దానిని వాడరాదు.

ఎవరైన దాతలు ఉచితముగ ఇచ్చు పాత యంత్రములకును ఈ మాట వర్తించును. పనికిరాని యంత్రము చివరకు చెత్తయగును. గాజు గొట్టపు తెరలో సీసము కలదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న ఈ-వ్యర్థ నిబంధనల ప్రకారము అట్టి వస్తువులను రిజిస్టరైన రీసైక్లింగు సంస్థలకు చేర్చవలెను. చెరువు గట్టున పారవేయరాదు. వదలించుకొనుటకు ముందు హార్డ్ డిస్కులోని సమాచారమును పూర్తిగా నశింపజేయవలెను. ఫైళ్లను తొలగించిన మాత్రమున అవి నశింపవు. అందు గ్రామస్థుల వివరములున్నవని మరువకుడు.

కావున కొనుగోలు తీర్మానము చేయు నాడు నాలుగు ప్రశ్నలు వేసికొనుడు. ఈ యంత్రముతో చేయవలసిన పని యేమి? దీని తరమేది? దీనికి భద్రతా సవరణలు ఏ సంవత్సరము వరకు అందును? చెడిపోయినచో హామీ వహించువారెవరు? ఈ నాలుగింటికిని సమాధానములు తీర్మాన పుస్తకమున వ్రాయుడు. సమాధానము దొరకనిచో ఆ నెలకు కొనుగోలు మానుడు. సొమ్ము చాలనిచో రెండు పాతవానికి మారుగా ఒక్క కొత్తదానిని కొనుడు, లేదా మరుసటి ఏటి ప్రణాళికలో చేర్చుడు. ఆ లోపల ఆశపెట్టు బేరములు ఎన్నో రావచ్చును. వానిని కాదనుటకు కావలసినది ధనము కాదు, సభ్యుల నిబ్బరము.