గొఱ్ఱె జాతులు – వాని గుణములు



గొఱ్ఱెకు లోకములో మంచిపేరు లేదు. తెలివిలేనివానిని గొఱ్ఱె యందురు. ఆలోచింపక ఒకని వెనుక నొకడు పోవుటను గొఱ్ఱెదాటు అందురు. ఏండ్లు గడచినను ఎదుగుబొదుగు లేనిదానిని గూర్చి గొఱ్ఱెతోక బెత్తెడే యని సామెత చెప్పుదురు. అయినను అగ్నిదేవునికి వాహనమైనది మేషమే. రాశులలో మొదటిదియు మేషమే. అమరకోశమున పొట్టేలుకు గల పేళ్ళలో ‘ఊర్ణాయువు’ ఒకటి. ఊర్ణ యనగా ఉన్ని. ఉన్ని గలది ఊర్ణాయువు. ఈ పేరు పట్టుకొని తెలుగునాటి మందలను చూడబోయినచో ఒక చిక్కు వచ్చును. ఇచటి గొఱ్ఱెలలో మిక్కిలి పేరుపొందిన జాతికి ఉన్నియే లేదు!

2019వ సంవత్సరపు పశుగణనము ననుసరించి భారతదేశమున సుమారు 7 కోట్ల 43 లక్షల గొఱ్ఱెలు కలవు. తెలంగాణమున 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షలు. అనగా దేశములోని గొఱ్ఱెలలో దాదాపు సగము తెలుగువారి దొడ్లలోనే యున్నవి. కావున ఈ విషయము ఒక్క గొల్లకురుమలకు సంబంధించినది మాత్రమే కాదు.

ఉన్ని లేని ఆ జాతి నెల్లూరు గొఱ్ఱె. భారతదేశపు గొఱ్ఱెలలో ఇదియే మిక్కిలి పొడవరి. ఎదిగిన పొట్టేలు రెండున్నర అడుగుల యెత్తు నిలుచును. సుమారు 36 కిలోలు తూగును. కాళ్ళు పొడవు, చెవులు వ్రేలాడునవి, ఒంటినిండ పొట్టివెండ్రుకలు. దూరమునుండి చూచినవాడు మేక యని పొరబడును. పొట్టేలుకు కొమ్ములుండును, ఆడుదానికి సాధారణముగ నుండవు. ఇందులో మూడు రకములు. ఒళ్ళంతయు తెల్లనై, తలమీదనో మెడమీదనో లేతగోధుమ మచ్చలుండవచ్చునది పల్ల. తెల్లని ఒంటిపై పెదవులచుట్టును, కన్నులచుట్టును, కడుపుపైని, కాళ్ళపైని నల్లమచ్చలు గలది జోడిపి. ఎఱ్ఱనిది డోర. పెక్కింటికి గొంతుక్రింద రెండు తిత్తులు వ్రేలాడుచుండును. పండితులు పనికిరానిదానిని అజాగళస్తనముతో పోల్చుదురు గాని, సంతలో గొఱ్ఱెను పరీక్షించువాని కది గూడ నొక యానవాలే.

నెల్లూరు గొఱ్ఱె ఎండకు ఓర్చును, పిల్ల త్వరగా ఎదుగును, మాంసమునకు గిరాకి కలదు. ఉన్ని కత్తిరించు బాధ లేదు. తెల్లని ఒంటిపై పెద్దపెద్ద మచ్చలతో పలనాటను, కృష్ణకు ఇరువైపుల సీమలలోను కనబడు మాచర్ల గొఱ్ఱె వేఱొక జాతిగ గుర్తింపబడినది. మైసూరు దగ్గఱి బన్నూరు గొఱ్ఱె పొట్టిది, బలిసినది; మాంసపు రుచికి దానిని మించినది లేదని కన్నడిగుల మాట.

ఇక దక్కని గొఱ్ఱె. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణముల పీఠభూమి దీని పుట్టిల్లు. చాలవఱకు నల్లనిది. ముక్కుదూలము ఉబ్బెత్తుగ వంగియుండును. కడుపున, కాళ్ళపైన ఉన్ని తక్కువ. చిక్కిన శరీరమేగాని గట్టిది. ఎండకాలమున మేత వెదకుకొనుచు నెలల తరబడి నడువగలదు. రాత్రివేళ చేలలో మంద నిలుపుకొన్న రైతుకు ఎరువు, కాపరికి గింజలో రూకలో. ఏటికి రెండుమాఱులు కత్తిరించినను ఒక్కొక్కదానికి అరకిలో మొదలు ముప్పాతిక కిలోవఱకు మాత్రమే ఉన్ని వచ్చును. అదియు ముతక. ఉన్నిపోగు లావును మిల్లీమీటరులో వేయవపాలైన మైక్రాను లెక్కన కొలుతురు. స్పెయినుదేశమువారు అనేక శతాబ్దములు పరుల కీయక దాచుకొన్న మెరీనో గొఱ్ఱె, 1797లో ఆస్ట్రేలియా చేరి, ఆ దేశపు సిరికే ఆధారమైనది. దాని పోగు 24 మైక్రానులకు లోపల. దక్కని గొఱ్ఱె పోగు 50 మైక్రానులకు పైమాట. దానితో దొరబాబుల కోటుగుడ్డ తయారుకాదు. కాని ఆ ముతకదనమే గొంగడికి ప్రాణము. నూలు వడికి, చింతగింజల గంజి పట్టించి, మగ్గముపై నేసిన నల్లగొంగడి కొప్పెర వేసికొన్న కాపరికి వాన లోనికి దిగదు. రాత్రి అదే పఱపు, అదే దుప్పటి. ముసురులోను, చలిరాత్రులలోను గొఱ్ఱెను గూడ కాపాడునది ఆ ఉన్నియే యని కురుమపెద్దలు చెప్పుదురు. ఒగ్గు కథలో కొమురవెల్లి మల్లన్నను కీర్తించువారు ఈ కురుమలే.

ఈ నల్లమందలు తఱిగిపోవుచున్నవి. మిల్లుకంబళ్ళును, ప్లాస్టికు పట్టాలును వచ్చిన పిమ్మట గొంగడి నడుగువారు తక్కువైరి. పెక్కుచోట్ల ఉన్ని కత్తిరించు కూలియైనను ఉన్ని ధరతో రాదు. మాంసము ధర మాత్రము పెరుగుచున్నది. కావున కాపరి నెల్లూరు పొట్టేలును తెచ్చి మందలో విడిచినచో దానిని గొఱ్ఱెదాటు అనరాదు. అతడు లెక్కచూచుకొనియే ఆ పని చేసెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము 75 శాతము రాయితీతో ఒక్కొక్క కుటుంబమునకు 20 గొఱ్ఱెలు, 1 పొట్టేలు చొప్పున పంచినప్పుడు వానిని ఎక్కువగ పొరుగురాష్ట్రములనుండి కొనితెచ్చిరి. మందలు పెరిగినవి. ఉన్నిలేని గొఱ్ఱెలును, వానితోపాటు పొట్టేళ్ళును ఊళ్ళకు వచ్చినవి.

ఒక జాతి పోవుట ఎట్లో పదునాఱణాల లెక్కలో చూడవచ్చును. నల్లగొఱ్ఱెకు నెల్లూరు పొట్టేలువలన పుట్టిన పిల్ల ఎనిమిదణాలు నెల్లూరు. ఆ ఆడుపిల్ల మరల నెల్లూరు పొట్టేలువలన కన్నది పండ్రెండణాలు. దాని కడుపున పుట్టినది పదునాలుగణాలు. ఒక తరమునకు రెండేండ్లు వేసికొన్నను ఆఱేండ్లలో రెండణాల నల్లగొఱ్ఱె మిగులును. ఈలోగా ఆ యింటివారు తమ నల్లగొఱ్ఱెలలో ఒక్కదానిని గూడ అమ్ముకొని యుండకపోవచ్చును. మందలో మార్చినది పొట్టేలు నొక్కదానినే!

సంకరమంతయు చెడ్డదని దీని భావము కాదు. వంగదేశపు సుందరవనములలో గరోలు అను చిన్నగొఱ్ఱె కలదు. తూగునది పది పదునైదు కిలోలే. ఈనునది మాత్రము తఱచుగ కవలలను. 1790 ప్రాంతమున వంగమునుండి ఆస్ట్రేలియాకు పోయిన గొఱ్ఱెలద్వారా ఈ గుణమే అచటి బూరూలా మెరీనోలకు సంక్రమించినదని శాస్త్రజ్ఞులు తలంతురు. ఆ గుణమునకు మూలమైన జన్యువును 2001లో గుర్తించిరి. మహారాష్ట్రమున ఫల్టణులోని నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థవారు గరోలునుండి ఈ యొక్క గుణమును గ్రహించి, తరతరమునను ఎంపిక చేయుచు దక్కని గొఱ్ఱెలోనికి దించి, ‘సువర్ణ’ అను మందను తయారుచేసిరి. అచట ప్రతి పిల్లకు తల్లి యెవరో, తండ్రి యెవరో వ్రాతలో నుండెను. సంతలో కంటికి నచ్చిన పొట్టేలును తెచ్చి విడుచుటకును, దీనికిని గల భేదము ఆ వ్రాతలోనే యున్నది.

మాంసమునకై నెల్లూరు గొఱ్ఱెలను పెంచువారు వానిని వేఱుమందగ పెంచుకొనవచ్చును. మెట్టనేలల నల్లమందలో మాత్రము నల్లపొట్టేలు నిలుచుట మంచిది. కొనునప్పుడు నోరు విప్పి పండ్లు చూడవలెను. రెండు పెద్దపండ్లు వచ్చినచో ఏడాదియో, ఏడాదిన్నరయో, నాలుగైనచో రెండేండ్లు. తల్లిని గూడ చూపుమని యడుగవలెను. వీపుపై వేళ్ళతో విడదీసి చూచినచో ఉన్ని కనబడవలెను, వెండ్రుక కాదు. ఇరువదియైదు గొఱ్ఱెలకు ఒక పొట్టేలు చాలును. రెండేండ్లు గడచిన పిమ్మట దానిని ప్రక్కయూరి నల్లమందకిచ్చి, అచటి పొట్టేలును తెచ్చుకొనవలెను. లేనిచో అది తన కూతుళ్ళనే దాటును. ఈ మార్పిడికి రొక్కముతో పనిలేదు.