భూమి నడుగవచ్చినవారితో వ్రాసికొనవలసినది
(పఠనాలయమున చేసిన యుపన్యాసము)



తిరుపతి పట్టణము నలుదెసలకును ప్రాకుచున్నది. రేణిగుంట త్రోవను, తిరుచానూరు ప్రక్కను, చంద్రగిరి వైపునను నిన్నటి చెఱకుమళ్లలో నేడు హద్దురాళ్లు నిలిచినవి. 2022 ఏప్రిలులో తిరుపతి వేఱు జిల్లాకు ముఖ్యపట్టణమైన పిమ్మట, కాగితముల సంచితో మా వాకిటికి వచ్చు భూస్వాములు హెచ్చిరి. వారిలో పెక్కుమంది సంతకము చేసిన తరువాత వచ్చుచున్నారు. అదియే మా విచారము.

బిల్డరు మాట మధురముగా నుండును. "భూమి మీది, పెట్టుబడి మాది, కట్టిన యిండ్లలో సగము మీకు, సగము మాకు." ఇందు తప్పేమియు లేదు. బిల్డర్లందఱును వంచకులని చెప్పుటకు మేము రాలేదు; గడువులోపల తాళపుచెవు లప్పగించినవారిని మే మెఱుగుదుము. కాని మాట వేఱు, పత్రము వేఱు.

ఒక రైతు సంగతి చెప్పెదము. ఆయనకు రెండెకరముల మామిడితోట యుండెను. అగ్రిమెంటుతోబాటు జనరల్ పవరు పత్రమును గూడ వ్రాసియిచ్చెను. అందు పదునాల్గవ పుటలో "అమ్ముటకును, తాకట్టు పెట్టుటకును" అను మాట లుండెను. ఆయన పదునాల్గవ పుట చదువలేదు. చెట్లు కొట్టిరి, పునాదులకు గోతులు త్రవ్విరి, భూమిని చూపి బ్యాంకులో అప్పు తెచ్చిరి, పని నిలిచిపోయెను. నేడా గోతులలో వాననీరు నిలిచియున్నది. దున్నుటకు లేదు, అమ్ముటకు లేదు. బ్యాంకు నోటీసు మాత్ర మాయన పేరనే వచ్చినది.

కావున పవరు పత్రమున ప్రతి యధికారమును వ్రేలుపెట్టి చూడవలెను. తుడా యనుమతులకు అర్జీలు పెట్టు నధికార మీయవచ్చును. బిల్డరు తన భాగమును అమ్ముకొను నధికారమును, పని సాగినకొలది మెట్టుమెట్టుగా నీయవచ్చును. మీ భాగమును తాకట్టు పెట్టు నధికార మెన్నటికిని ఈయరాదు. కేవలము పవరు పత్రముచే స్వామ్యము మాఱదని 2011లో సుప్రీము కోర్టు సూరజ్ ల్యాంపు వ్యాజ్యమున చెప్పిన మాట నిజమే. కాని భూమిని అభివృద్ధి చేయుటకై నిజాయితీగ వ్రాసిన పవరు పత్రములకు భంగము లేదని యా తీర్పే చెప్పినది. దానిని నమ్మి ధైర్యపడుట తగదు.

గడువు విషయమున అమరావతి రైతుల యనుభవము చూడుడు. 2015 నాటి భూసమీకరణలో ప్రభుత్వము మెట్టభూమి యెకరమునకు 1,000 గజముల నివాసస్థలమును, 250 గజముల వాణిజ్యస్థలమును ఇచ్చెదమనియు, ఏటికి 30,000 రూపాయల కౌలు, ఏటేట 3,000 పెంచుచు, పదేండ్లు చెల్లించెదమనియు వ్రాసికొన్నది. పంట పోయిన యేండ్లకు పరిహార మడుగుట అత్యాశ కాదని ప్రభుత్వమే యొప్పుకొన్నదన్నమాట. మీ బిల్డరు నేల యడుగరు? అయినను 2019 తరువాత ఆ రాజధాని పనులే యేండ్ల తరబడి నిలిచినవి. ప్రభుత్వపు ముద్రగల పత్రమునకే యీ గతి పట్టినపుడు "త్వరలో" అను మాటతో తృప్తిపడుట యెట్లు? తేదీ వేయింపుడు. తేదీ దాటిన నెలకు ఇంత యద్దె యని వ్రాయింపుడు. మఱికొంతకాలము దాటిన పవరు రద్దగునని వ్రాయింపుడు. అన్నిటిని రిజిస్టరు చేయింపుడు.

బిల్డరును పరీక్షించుటకు మునుపు మన కాగితములను మనము చూచుకొనవలెను. మనది కాళహస్తి, కార్వేటినగరము జమీందారీలు, ఇనాములు, మఠము మాన్యములు నిండిన సీమ. తాతలనాటి సాగు ఉన్నంతమాత్రమున పట్టా నిష్కళంకమని చెప్పరాదు. సర్వే నంబరు 22-ఏ నిషేధ పట్టికలో నున్నదేమో చూడుడు. డి.కె.టి. పట్టా యైనచో 1977 నాటి చట్టమును, 2023 సవరణను చూపి రెవెన్యూ యధికారుల యుత్తరువు తెచ్చుకొనక యే పత్రమును వ్రాయకుడు. ఇక ఆడపడుచుల సంగతి. అవిభక్త పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమానభాగము కలదని 2005 సవరణ చెప్పినది. ఆనాటికి తండ్రి జీవించి యుండనక్కఱలేదని 2020లో సుప్రీము కోర్టు నిర్ణయించినది. అన్నదమ్ములు మాత్రమే సంతకము చేసిన పత్రములు కట్టడము సగమైనవేళ కోర్టులో నిలిచిపోవుట మేము చూచుచున్నాము. చెల్లెలిని ముందే పిలిచి కూర్చుండబెట్టుకొనుట యేమి కష్టము?

500 చదరపు మీటరులు మించిన స్థలమైనను, ఎనిమిదికి మించిన యిండ్లైనను రెరాలో నమోదు చేయవలెను. మీ భాగపు టిండ్లను కట్టకమునుపే అమ్మజూపితిరా, కొన్నవారి యెదుట మీరును బాధ్యులగుదురు. పన్ను విషయమున 2017లో నొక సౌలభ్యము కల్పించిరి: రిజిస్టరైన యొప్పందముగల వ్యక్తులకును, హిందూ అవిభక్త కుటుంబములకును కట్టడము పూర్తియైనట్లు అధికారపత్రము వచ్చిన యేటనే పన్ను పడును. అంతకు మునుపే మీ భాగమును అమ్ముకొన్న, ఆ సౌలభ్యము పోవును.

వచ్చు ఆదివారము ఉదయము మే మీ పఠనాలయముననే కూర్చుందుము. సంతకము కాని కాగితములు గలవారు తెచ్చి చూపవచ్చును, రుసుము లేదు.