మిద్దె మీద ప్రార్థన
(పురసవాక్కంలో తెలుగు యవ్వనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యక్తిగత ప్రార్థన గురించి మాట్లాడమన్నారు. ఈ మాట ఎత్తగానే మనకు మత్తయి ఆరో అధ్యాయం గుర్తొస్తుంది. ఎవరూ చూడని చోట, తలుపు మూసుకొని తండ్రితో మాట్లాడమన్నాడు ప్రభువు. మంచిదే. కానీ మనలో ఎంతమందికి ప్రత్యేకంగా గది ఉంది? ఈ పురసవాక్కం సందుల్లో ఒకే గదిలో అమ్మ వంట చేస్తుంది, నాన్న వార్తలు చూస్తాడు, తమ్ముడు ఫోన్‌లో ఆట ఆడతాడు. తలుపు వేసుకుంటే అందరూ లోపలే ఉంటారు!

పేతురుకీ సొంత గది లేదు. యొప్పేలో ఇంకొకరి ఇంట్లో అతిథి. అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం చూడండి. పగలు పన్నెండు గంటలకు మిద్దె ఎక్కాడు. ఆకలేస్తోంది, కింద వంట అవుతోంది. అలాంటి సమయంలో ప్రార్థన! అది ఎవరి మిద్దో గమనించారా? చర్మకారుడైన సీమోనుది. చచ్చిన పశువుల తోళ్లతో పని చేసేవాడిని ఆనాటి యూదులు దూరంగా ఉంచేవారు. ఆ ఇంటి మీదే దేవుడు పేతురుకు ఏ మనిషినీ అపవిత్రుడని అనకూడదని నేర్పాడు. ప్రార్థన ముగిసేసరికి కొర్నేలి పంపిన మనుషులు వాకిట్లో ఉన్నారు. పేతురు మెట్లు దిగక తప్పలేదు.

మన తెలుగువాళ్ల చరిత్రలోనూ ఇలాంటిది జరిగింది. శామ్యూల్ డే మద్రాసు నుండే 1840లో నెల్లూరు వెళ్లాడు. ఆ పని ఎంతకీ ఎదగడం లేదని, దాన్ని మూసేద్దామనే మాట కూడా వచ్చింది. ఆ రోజుల్లోనే, 1854 జనవరి 1న తెల్లవారుజామున, జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. మొత్తం ఐదుగురు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. క్లౌ అక్కడికి వచ్చింది 1866లో. పన్నెండేళ్లు! మనం పరీక్ష ఫలితాల కోసం పన్నెండు రోజులు ప్రార్థించి అలసిపోతాం.

ముందుగా వచ్చినవారిలో యెర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోలు పనివారి కులం. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవారు క్లౌతో చెప్పారు. ఆ రోజు భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీలోని ఒకే భాగం వచ్చిందని క్లౌ చెప్పుకున్నాడు. దేవుడు లోకం తృణీకరించినవారిని ఏర్పరచుకున్నాడనే భాగం అది. వాళ్లు మాదిగలను చేర్చుకున్నారు. తర్వాత 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇచ్చాడు. అన్నం కోసం వచ్చారనే మాట రాకూడదని ఆ సమయంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ కాలువే మన సెంట్రల్ స్టేషన్ దగ్గర మురికిగా కనబడేది. ముక్కు మూసుకొని దాటేటప్పుడు ఈసారి ఆ కూలీలను తలుచుకోండి.

ఇక మన సంగతి. గంటసేపు ప్రార్థించాలని మొదలుపెట్టి మూడో రోజు మానేయకండి. పది నిమిషాలు చాలు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన, ఆరేసిన బట్టల మధ్య చోటు దొరుకుతుంది. ఫోన్ కిందే వదిలేయండి. మొదట ఏమీ అడక్కుండా కూర్చోండి. మనసు పరుగెడుతుంది, పరుగెత్తనివ్వండి, మళ్లీ పిలవండి. కోపముంటే కోపమే చెప్పండి. కీర్తనకారులు దేవుడితో పోట్లాడారు, మర్యాద నటించలేదు.

తర్వాత రోజుకొక మనిషిని పేరుపెట్టి దేవుని ముందుకు తేండి. "పేదలందరినీ దీవించు" అనడం సులువు. మీ వీధి ఊడ్చే అక్క పేరు తెలుసా? ఈ నగరంలో ఆ పని చేసేవారిలో మన తెలుగువాళ్లు ఎందరో. చాలామంది తాతలు నెల్లూరు, ఒంగోలు వైపు నుండి వచ్చినవారే. పేరు తెలియకపోతే రేపు పొద్దున్నే దిగి అడగండి. అడిగాక ఆమెకు చేతి తొడుగులు ఇచ్చారా, జీతం సమయానికి వస్తుందా అన్నది కూడా మీ ప్రార్థనలోకి వస్తుంది. అప్పుడు పేతురులాగే మీకూ మెట్లు దిగే పని పడుతుంది.

ఇప్పుడు పది నిమిషాలు మౌనంగా ఉందాం. ఫ్యాన్ చప్పుడు, హైరోడ్డు మీద హారన్లు ఉండనివ్వండి. ఫోన్లు మాత్రం ఆపేయండి.