చోళవరము: మూగవోయిన పందెపు బాట

(ఉతైలో జరిగిన తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘసభలలో సాధారణముగా పోతనగారి భాగవతమును గూర్చియు, త్యాగరాజస్వామి కృతులను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేడు నేనెన్నుకొనిన విషయము వానికి మిక్కిలి దూరమైనది. మోటారు పందెములు జరిగి, పిదప ఆగిపోయిన ఒక చిన్న ఊరి బాటను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. సాహిత్య సాంస్కృతిక సంఘమునకు కార్ల పందెముతో పని యేమని మీరడుగవచ్చును. మనుష్యులు గుంపుగూడి ఆనందించిన ప్రతి తావును సంస్కృతిలోనిదే యని నా మనవి. అట్టి తావు మరుగుపడిన యెడల, అచ్చట ఏమి జరిగినదో చెప్పుకొనుట మిగిలినవారి విధి.

అమెరికాలో స్టాక్ కారు పందెమను నొక వేడుక కలదు. అంగట అమ్మకమునకు వచ్చు మామూలు కారునే పందెమునకు దింపుట దాని మూలసూత్రము. 1920 మొదలు 1933 వరకు ఆ దేశమున మద్యనిషేధ మమలులో నుండగా, దొంగసారా చేరవేయువారు పోలీసులకు చిక్కకుండుటకై తమ కార్లకు మెరుగులు దిద్దుకొనిరి. ఆ నేర్పు క్రమముగా పందెమునకు దారితీసెను. 1948లో నాస్కార్ అను సంస్థ యేర్పడి ఈ పందెములకొక కట్టుబాటు కల్పించినది. ఆ యేడే నార్త్ కరొలైనా రాష్ట్రమున హిల్స్‌బరో అను చిన్న పట్టణము చెంత, పూర్వము గుఱ్ఱపు పందెములు జరిగిన యొక తోటలో, ఓకొనీచీ అను మట్టిబాట వెలసినది. ఇరువది యేండ్లు మాత్రమే అది బ్రతికినది. ఆదివారము పూట జరుగు ఈ సందడిని స్థానిక మతపెద్దలు నిరసించిరి. 1968 సెప్టెంబరులో తుదిపందెము జరిగెను. ఆ పందెమున గెలిచినవాడు రిచర్డ్ పెటీ. తరువాత ఆ బాటపై చెట్లు మొలచినవి. కాని ఆ జనులు దానిని మరువలేదు. 2002లో అది ఆ దేశపు చారిత్రక స్థలముల పట్టికలో చేరినది. ఇప్పుడు ఆ బాట వెంట జనులు కాలినడకన విహరింతురు.

మన దేశమున దీనికి సరితూగు కథ యేది యని వెదకిన, మన తెలుగునాటి పొలిమేర చేరువనే యొకటి కనిపించును. అదియే చోళవరము. ఇంగ్లీషువారి నోట అది షోలవరము. నెల్లూరు నుండి మద్రాసు పోవువారు నాయుడుపేట, సుళ్లూరుపేట, తడ దాటి, గుమ్మిడిపూండి, కవరైపేటల మీదుగా ఈ యూరి చెంతనే పోవుదురు. ఇచ్చటి చెరువు మద్రాసు నగరమునకు త్రాగునీరిచ్చువానిలో నొకటి. ఆ ప్రాంతపు పల్లెలలో నేటికిని తెలుగు వినిపించును. మనలో రైలుమార్గమున మాత్రమే మద్రాసు వెళ్లినవారు దీనిని చూచియుండకపోవచ్చును. గ్రాండ్ నార్తరన్ ట్రంకు రోడ్డున బస్సులో ప్రయాణించినవారికి ఆ పేరు పరిచితమే.

ఈ బాట పందెములకై పుట్టినది కాదు, యుద్ధమునకై పుట్టినది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమైనది. ఆ యేడు ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు పడినవి. మన పెద్దలలో ఆనాడు ఇండ్లు విడిచి పల్లెలకు తరలినవారి కథలు విననివారుండరు. తూర్పు తీరమంతయు భయమునకు లోనైన ఆ రెండవ ప్రపంచ యుద్ధకాలమున దక్షిణాదిని పలుచోట్ల విమానములు దిగుటకు గట్టిబాటలు పరచిరి. చోళవరపు బాట అట్టి వానిలో నొకటి. యుద్ధము ముగిసెను, విమానములు పోయెను, బాట మిగిలెను.

ఇది మన దేశమున మాత్రమే జరిగిన వింత గాదు. ఇంగ్లండులో 1943లో వైమానికదళమునకై నిర్మించిన సిల్వర్‌స్టోన్ 1948లో పందెములకు నెలవైనది. అమెరికాలో సెబ్రింగ్ అను యుద్ధకాలపు విమానాశ్రయమున 1950లో పందెములు మొదలైనవి. మన దేశమున కలకత్తా చెంత బారక్‌పూర్‌లోను, బొంబాయి జుహూలోను విమానముల బాటలపైననే కార్లు పరుగులిడినవి. యుద్ధము విడిచిపోయిన సొమ్మును వేడుక వాడుకొనినది. ఇందొక న్యాయము కలదని నా కనిపించును.

1953లో మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు స్థాపితమైనది. ఆంధ్రరాష్ట్ర మవతరించినదియు ఆ సంవత్సరముననే యని మీకు గుర్తు చేయనక్కరలేదు. ఆ దశాబ్దముననే చోళవరమున పందెములు మొదలై, 1980 దశకము చివరివరకు సాగినవి. పందెములు సాధారణముగా ఫిబ్రవరి మాసమున జరుగుచుండెను. ఈశాన్య ఋతుపవనము వెనుదిరిగి, వేసవి యింకను ముదరని కాలమది. ఇంజనుకును, మనిషికిని, ప్రేక్షకునికిని ఆ మాసమే అనుకూలము.

బాట తీరు కొంచెము వివరించెదను. విమానపు బాటలు నేరుగా నుండును. ఒకదానికొకటి అడ్డముగా కలిసిన చోట మూలలు తీవ్రముగా నుండును. కావున చోళవరమున సారథి తిన్నని దారిలో తన ఇంజను బలమంతయు చూపి, మూల సమీపించినంతనే బ్రేకులపై ఆధారపడవలసి వచ్చెడిది. కొండదారిలో వలె మెల్లమెల్లగా వేగము తగ్గించుటకు వీలు లేదు. ఎవడు అందరికంటె ఆలస్యముగా బ్రేకు వేసి, అయినను బాట తప్పకుండునో వానిదే గెలుపు. మూలలను గుర్తించుటకు గడ్డిమోపులు పేర్చెడివారు. కారు అదుపు తప్పిన ఆ గడ్డియే దిక్కు. పాత సిమెంటు నేల టైర్లను అరగదీయును. పగుళ్లనుండి లేచిన రాళ్లును దుమ్మును వెనుక వచ్చువాని కన్నులకు ముప్పు.

కార్ల సంగతి మరింత ఆసక్తికరము. 1953లో ప్రభుత్వము మన దేశముననే తయారీకి పూనుకొనని మోటారు సంస్థలకు తావు లేకుండ జేసినది. జనరల్ మోటార్సు మున్నగు విదేశీయులు తొలగిపోయిరి. ఆ పిదప చాలకాలము జనులు కొనగలిగిన కార్లు ముఖ్యముగా మూడే: కలకత్తా చెంత ఉత్తరపాడాలో తయారైన అంబాసిడరు, బొంబాయి ప్రీమియర్ వారి ఫియట్, 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. డాక్టరుగారు రోగిని చూడబోవు కారును, పెండ్లికొడుకు నూరేగించు కారును, కలెక్టరుగారు తిరుగు కారును ఈ మూటిలో నొకటియే. పందెపు బాటపైకి వచ్చినవియు అవియే. అమెరికావారు నియమముగా పెట్టుకొనిన స్టాక్ కారు పద్ధతి మనకు అవసరమువలన సిద్ధించినది.

ఇక మెకానిక్కుల ప్రతిభ. వెనుక సీటు తీసివేసి బరువు తగ్గించుట, సిలిండరు తలను కొంత చెక్కి లోపలి ఒత్తిడి పెంచుట, ఒక కార్బురేటరున్నచోట రెండు బిగించుట, స్ప్రింగులను కురుచచేసి బండిని నేలకు దించుట, పొగగొట్టమును సులువుచేయుట: ఇవి వారి విద్యలు. విడిభాగములు దొరకని కాలమున లేతు మీద తామే మలచుకొనిరి. భిలాయి కర్మాగారముతో సంబంధమున్న మీకు ఈ మాట విలువ తెలియును. లోహమును చేతితో నెరిగినవాడు పుస్తకమున లేనిదానిని గూడ కనిపెట్టగలడు. కార్లతోబాటు మోటారు సైకిళ్ల పందెములును జరిగెడివి. ఆ దినములలో బండి పెట్రోలు వాసనయు, ఆముదముతో చేసిన పందెపు నూనె కాలిన వాసనయు తెలిసినవారికి ఆ విద్య సగము వచ్చినట్లే.

పందెమునకొక భాష కలదు, అది జెండాల భాష. పసుపు జెండా అపాయమును సూచించును. అది కనిపించిన చోట ముందువానిని దాటరాదు. ఎఱ్ఱ జెండా చూపిన పందెము నిలుపవలెను. నీలి జెండా వెనుకనుండి వేగవంతుడు వచ్చుచున్నాడని హెచ్చరించును. నల్ల జెండా చూపబడినవాడు బాట విడిచి రావలెను. నలుపు తెలుపు గళ్ల జెండా ముగింపు. రైలుగార్డు చేతి జెండా వలె దీనికిని ఎదురుమాట లేదు. వేగమును ప్రేమించు క్రీడలోనే క్రమశిక్షణ ఇంత కఠినముగా నుండుట గమనింపదగినది.

ప్రేక్షకులు వేలాదిగా వచ్చెడివారు. మద్రాసు నుండి కళాశాల విద్యార్థులు, గోండల్ సంస్థానపు రాకుమారుని వంటి శ్రీమంతులు, చుట్టుప్రక్కల పల్లెల రైతులు, వారి పిల్లలు, అందరును ఒకే ఎండలో నిలిచి చూచిరి. విజయ్ మాల్యా 1980 దశకమున ఎన్‌సైన్ సంస్థవారి పాత ఫార్ములా వన్ కారును ఇచ్చట నడపెను. కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ కథ మరియొక తీరు. ఆయన సారథి, నిర్మాత కూడ. ఖరీదైన విదేశీ కార్లు కొనలేని యువకులకై మారుతీ ఇంజనుతో నొంటిసీటు పందెపు కారును రూపొందించెను. 1983 డిసెంబరులో మార్కెట్టులోనికి వచ్చిన చిన్న మారుతీ ఇంజను ఆ విధముగా పందెపు గుఱ్ఱమైనది. ధనవంతుల వేడుకను మధ్యతరగతి యువకుని అందుబాటునకు దెచ్చినది కరివర్ధనుని దూరదృష్టి. 1995లో ఆయన అకాలమరణము పాలయ్యెను.

ఇంత వైభవము గల బాట ఏల మూతపడినది? మొదటి కారణము, ఆ నేల క్లబ్బువారి స్వంతము గాదు. ఏటేట అనుమతి తెచ్చుకొని, గడ్డిమోపులు పేర్చి, పందెము ముగియగానే ఎత్తివేయవలసినదే. శాశ్వతమైన గోడ గాని, ఆసనములు గాని, వైద్యశాల గాని కట్టుటకు వీలు లేదు. రెండవ కారణము, కార్ల వేగము పెరిగినది, రక్షణ పెరుగలేదు. కారునకును జనమునకును నడుమ గడ్డియు త్రాడును మాత్రమే యున్నచోట ఏ క్షణమున నేమగునో చెప్పజాలము. అంతర్జాతీయ నియమములు నానాటికి కట్టుదిట్టమైనవి. క్లబ్బువారు శ్రీపెరుంబుదూరు చేరువ ఇరుంగాట్టుకోట్టైలో స్వంతనేల సంపాదించి, సుమారు 3.7 కిలోమీటర్ల నూతన బాటను నిర్మించిరి. 1990లో అది ప్రారంభమైనది. చోళవరము మూగవోయినది.

విత్తనము చచ్చి మొక్క మొలచునందురు. 2003లో కోయంబత్తూరు చెంత చెట్టిపాళెములో వెలసిన బాటకు కరివర్ధనుని పేరు పెట్టిరి. 2005లో అదే కోయంబత్తూరు వాడైన నారాయణ్ కార్తికేయన్ ఫార్ములా వన్ పందెములలో పాల్గొనిన తొలి భారతీయుడయ్యెను. 2011లో ఢిల్లీ చెంత గ్రేటర్ నోయిడాలో బుద్ధ అంతర్జాతీయ బాటపై ఫార్ములా వన్ పందెము జరిగెను. కాని అది 2013తో ముగిసినది. కోట్ల రూపాయలు పోసి కట్టిన బాటపై ఆ పందెము మూడేండ్లే సాగినది. ఊరక దొరికిన చోళవరపు నేలపై పందెములు మూడు దశాబ్దములు దాటి సాగినవి. ధనము ఒక్కటే క్రీడను నిలుపజాలదనుటకు ఇంతకన్న వేరు సాక్ష్యమేల?

మన హైదరాబాదు అనుభవమును గూడ చెప్పవలెను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరపు టొడ్డున, నగరపు వీథులలోనే, విద్యుచ్ఛక్తితో నడచు కార్ల ఫార్ములా ఈ పందెము జరిగినది. ఫ్రాన్సు దేశీయుడు జాఁ ఎరిక్ వెర్న్ గెలిచెను. మరుసటి యేడు జరుగవలసిన పందెము రద్దయినది. ఆ ఒక్క దినపు పందెముతోనే అచ్చటి ఫార్ములా ఈ చరిత్రలోనికి పోయినది. మన బిడ్డలలో ఆ దినమున అచ్చట నున్నవారెవరైన నున్నచో, తాము చూచినది వ్రాసిపెట్టుకొనుడని చెప్పుచున్నాను.

ఈ క్రీడ పెట్రోలు దుబారా యనువారు కలరు, ప్రాణాపాయమనువారు కలరు. ఆ మాటలు తీసివేయదగినవి కావు. అయినను ఒక్క సంగతి. ఇంటి కారునకు వచ్చిన మంచి బ్రేకును, మంచి టైరును, దృఢమైన ఇంజనును మొదట ఎవరో యొక ప్రమాదకరమైన బాటపై పరీక్షించియే యుందురు. సాధారణ రోడ్డుపై వేగము చూపుట నేరము; దానికై ప్రత్యేకించిన తావున, నియమమునకు లోబడి చూపుట విద్య. యువకుల ఉరవడికి అట్టి తావు నీయని సమాజమున, వారు ఆ ఉరవడిని నడివీథిలో చూపుదురు. సెక్టార్ల రోడ్లపై సాయంకాలము నడచు మనకు ఈ సత్యము విశదమే.

చివరి మాట. హిల్స్‌బరో జనులు తమ మట్టిబాటను చారిత్రక స్థలముగా నిలుపుకొనిరి. చోళవరపు కథ మాత్రము అచ్చట నడిపినవారి, చూచినవారి జ్ఞాపకములలోను, ఇంటి పెట్టెలలోని పాత ఛాయాచిత్రములలోను చెదరియున్నది. వారు పోయిన అదియు పోవును. ఇది చోళవరమునకు మాత్రమే సంబంధించిన ఆపద గాదు. 1955లో సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగి, 1959 ఫిబ్రవరిలో తొలి కొలిమి రగిలిన ఈ భిలాయి చుట్టుప్రక్కల, మన తెలుగువారు తొలినాళ్ల నుండి నాటకములాడిరి, హరికథలు చెప్పించిరి, ఆటల పోటీలు పెట్టిరి. వారిలో ననేకులు పదవీ విరమణ చేసి స్వగ్రామములకు తరలిపోయిరి. వారు వేదికలు కట్టిన మైదానములలో ఎన్ని నేడు అదే రూపున నున్నవి? బదిలీల మీద వచ్చిపోవు కేంద్ర ప్రభుత్వోద్యోగులమైన మనకు నేల స్వంతము గాదు, క్వార్టరు స్వంతము గాదు. జ్ఞాపకమొక్కటియే స్వంతము. దానినైన కాగితము మీద పెట్టనిచో మన తరువాత వచ్చువానికి మనమిచ్చట నుంటిమని తెలుపువారెవరు?

కావున నా మనవి యిది. మీ మీ యిండ్లలో నున్న పాత ఛాయాచిత్రములను, నాటకపు కరపత్రములను, వెనుకటి సంచికలను సంఘ కార్యదర్శికి చూపుడు. వెనుక తేదీయు, తావును, ఉన్నవారి పేర్లును వ్రాయుడు. అది ఐదు నిమిషముల పని. ఆ ఐదు నిమిషములు చోళవరమున నెందరో వెచ్చింపకపోవుటచేతనే నేడు నేను మీకు ఇంతకంటె చెప్పలేకపోవుచున్నాను.