స్క్వేర్ బాదకండి, ఎక్స్ నొక్కండి: ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్

ఈ గేమ్ మీద ఇంకో వీడియో చెయ్యకూడదనుకున్నా. కానీ మీరు వదిలేలా లేరు. "అన్నా, స్క్వేర్ కొట్టీ కొట్టీ వేలు నొప్పి పుడుతోంది, బాస్ చావట్లేదు, ఈజీలో పెట్టేయనా?" అందరిదీ ఇదే ప్రశ్న. దానికి తోడు ముప్పై సెకన్ల వీడియోల్లో మహానుభావులు "ఏం లేదు బ్రో, రోల్ చెయ్, కొట్టు, మళ్లీ రోల్ చెయ్" అని చెప్పేస్తున్నారు. ఆ మాట పట్టుకుని చచ్చినవాళ్లంతా చివరికి నా దగ్గరికొస్తున్నారు.

ఎక్కడ కొనాలి, ఎన్ని జీబీ లాంటివి ఈరోజు చెప్పను. నేరుగా విషయం. ఈ గేమ్‌లో స్క్వేర్ బటన్ ఉన్నది శత్రువుని చంపడానికి కాదు, ఏటీబీ (యాక్టివ్ టైమ్ బ్యాటిల్) మీటర్ నింపుకోవడానికి. హెచ్‌పీ, ఎంపీ పక్కనే రెండు గళ్లతో ఓ మీటర్ కనిపిస్తుందే, అదీ. బోరింగు పంపు కొడుతుంటాం, బిందె నిండుతుంది. నిండాక కూడా పంపు కొడుతూ నిలబడితే నీళ్లు నేలపాలే కదా! గడి నిండగానే ఎక్స్ నొక్కండి. టైమ్ దాదాపు ఆగిపోతుంది. తీరిగ్గా మెనూ చూసుకుని మ్యాజిక్కో, ఎబిలిటీయో, పోషనో ఎంచుకోండి. అసలు యుద్ధం ఆ మెనూలో జరుగుతుంది.

ఇది కొత్తగా పుట్టింది కూడా కాదు. ఏటీబీ 1991లో ఫైనల్ ఫాంటసీ 4తో వచ్చింది. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన పాత 7లోనూ మీటర్ నిండేదాకా ఆగి కమాండ్ ఇచ్చేవాళ్లం. ఆ పాతదానికి డైరెక్టర్ కితాసే, రీమేక్‌కి ప్రొడ్యూసర్. అప్పుడు క్యారెక్టర్లు గీసిన నొమురా రీమేక్‌కి డైరెక్టర్. పైకి యాక్షన్ గేమ్‌లా కనిపిస్తుంది గానీ, లోపల ఎముకలు పాతవే.

ఇక ఆ రోల్ సంగతి. వేరే గేముల్లో రోల్ చేసే క్షణంలో దెబ్బ తగలదు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. సర్కిల్ నొక్కి దొర్లుతూ ఉన్నా మిస్సైల్ వచ్చి తగులుతుంది. ఆర్1 పట్టుకుని గార్డ్ చెయ్యండి. డ్యామేజ్ తగ్గుతుంది, పైగా ఆపిన దెబ్బకి ఏటీబీ కూడా కొంత నిండుతుంది. తన్నులు తింటూ మీటర్ నింపుకోవడమన్నమాట!

నమ్మకం కుదరకపోతే తొమ్మిదో చాప్టర్‌లో హెల్ హౌస్ దగ్గరికి వెళ్లండి. పాత గేమ్‌లో దారిలో తగిలే మామూలు శత్రువు, ఇక్కడ కొలొసియం బాస్ అయి కూర్చుంది. ఇల్లండీ బాబూ, ఇల్లు! తలుపు తెరిచి మనిషిని లోపలికి లాగేస్తుంది. అది బ్యారియర్ వేసుకున్నప్పుడు కత్తితో ఎంత బాదినా లాభం లేదు. కిటికీల్లో వెలుగు చూడండి. ఎర్రగా ఉంటే నిప్పు, అంటే ఐస్ కొట్టాలి. నీలంగా ఉంటే ఫైర్. హీరో క్లౌడ్‌తో కాస్త కొట్టి, పక్కనున్న ఎరిత్‌కి మారి, ఎక్స్ నొక్కి, రంగు చూసి సరైన మ్యాజిక్ వెయ్యండి. స్క్వేర్ బాదేవాళ్లకి ఇక్కడ రాత్రంతా జాగారమే.

ఏ శత్రువుకి ఏది పడదో ఎలా తెలుస్తుందంటారా? అసెస్ మెటీరియా, అంటే శత్రువు వివరాలు చూపించే రాయి. మూడో చాప్టర్‌లో చాడ్లీ అనే కుర్రాడు ఊరికే ఇస్తాడు. తీసుకుని బ్యాగులో పడేసి మర్చిపోతారు మీరు. ఆయుధానికి తగిలించండి. కొత్త శత్రువు కనబడితే మొదటి గడి దానికే ఖర్చు పెట్టండి. ఎలా ప్రెషర్ పెట్టాలో, ఎలా స్టాగర్ చెయ్యాలో, అంటే తూలిపోయేలా చెయ్యాలో, మొత్తం రాసి ఉంటుంది. యంత్రాలైతే చదవక్కర్లేదు, చాలావాటికి లైట్నింగ్ పడదు.

ఇంకోటి. మీరు ఆడించే మనిషికే ఏటీబీ త్వరగా నిండుతుంది. మిగతావాళ్లు చెప్పందే ఎబిలిటీలు వాడరు. కాబట్టి క్లౌడ్ ఒక్కడినే పట్టుకుని వేలాడకండి, మారుతూ ఉండండి. టీమ్‌లో ఉండే బారెట్ తుపాకీతో దూరంగా ఎగిరేవాటిని చూసుకుంటాడు.

ఇప్పుడు నాకిష్టమైన సెట్టింగ్. ఆప్షన్స్‌లో కెమెరా కింద బ్యాటిల్‌లో కెమెరా దూరం అని ఉంటుంది. చివరిదాకా పెంచెయ్యండి. దీని గురించి ఎవరూ మాట్లాడరెందుకో నాకర్థం కాదు. ఇరుకు గదుల్లో కెమెరా క్లౌడ్ జుట్టులోకి దూరిపోతుంది. వెనక నుంచి ఎవడు కాలుస్తున్నాడో కనబడకపోతే ఆర్1 ఎప్పుడు పట్టుకుంటారు? పెంచారా? ఆడేది టీవీలో అయితే గేమ్ మోడ్ కూడా ఆన్ చెయ్యండి. నా పాత టీవీలో, కంపెనీ పేరెందుకు లెండి, ప్రతి అప్‌డేట్‌కీ ఆ గేమ్ మోడ్ దానంతటదే ఆఫ్ అయిపోయేది. బటన్ నొక్కాక కాసేపటికి క్లౌడ్‌కి గుర్తొచ్చేది.

మధ్యలో చాయ్‌కి వెళ్లొచ్చినవాళ్ల కోసం మళ్లీ: స్క్వేర్‌తో మీటర్ నింపండి, నిండగానే ఎక్స్. రోల్ కాదు, ఆర్1.

ఇవన్నీ నా వల్ల కాదంటే క్లాసిక్ మోడ్ ఉంది. కొట్టడం, కాచుకోవడం గేమే చూసుకుంటుంది, మీరు కమాండ్లు ఇస్తే చాలు. 2020లో పీఎస్4కి వచ్చినప్పుడు ఇది ఈజీతోనే దొరికేది. 2021లో వచ్చిన ఇంటర్‌గ్రేడ్ వెర్షన్‌లో నార్మల్‌తో కూడా పెట్టుకోవచ్చు. ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చినరోజు నేనూ అదే పెడతాను, నామోషీ ఏం లేదు.

పాతది ఆడకుండా ఇది ఆడొచ్చా అని కూడా అడుగుతున్నారు. మనలో పాతది ఆడినవాళ్లెంతమంది? గంటకింత అని కట్టే గేమ్ పార్లర్‌లో మూడు డిస్కుల ఆర్‌పీజీ ఎవరు ఆడతారు? ఫైట్ల వరకైతే నేరుగా ఆడెయ్యొచ్చు. కానీ కథలో బూడిదరంగు దయ్యాల్లాంటివి తిరుగుతుంటాయి. అవెందుకు అడ్డొస్తున్నాయో పాత కథ తెలిసినవాళ్లకే మజా. ఆ పాత గేమ్ పీఎస్4 వెర్షన్‌లో మూడింతల స్పీడ్ ఉంది, దారిలో తగిలే ఫైట్లు ఆపేసుకోవచ్చు కూడా. ముందు అది ఆడండి.

అయిపోగొట్టినవాళ్లకి హార్డ్ మోడ్ తెరుచుకుంటుంది. అందులో ఐటెమ్స్ వాడనివ్వరు, బెంచీ మీద కూర్చున్నా ఎంపీ రాదు. అక్కడికెళ్లి కూడా స్క్వేర్ బాదుతానంటే, దయచేసి నాకు మాత్రం మెసేజ్ పెట్టకండి.