కారు ఏసీలో గ్యాస్ అరిగిపోదు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకంటే బాగా మాట్లాడగలవారు ఈ సభలో ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను పిలిచి "మీ కారు ఏసీ కథ చెప్పండి, మనవాళ్ళకు పనికొస్తుంది" అన్నప్పుడు వేళాకోళానికి అన్నారనుకున్నాను. తీరా ఆలోచిస్తే, రిటైరైన తరువాత కొత్తదో పాతదో ఒక కారు కొనుక్కుని ఆస్పత్రికీ, పెళ్ళిళ్ళకూ, తిరుపతికీ దానిమీదనే తిరిగేవారు మనలో తక్కువేమీ కాదు. అందుకని ఒప్పుకున్నాను. నేను మెకానిక్‌ను కాను, ఇంజనీరునూ కాను. ముప్పై రెండేళ్ళు ట్రెజరీలో బిల్లులు చూసినవాణ్ణి. ఈ సంగతి ముందే మనవి చేస్తున్నాను, ఎందుకంటే నా తప్పు అక్కడే ఉంది.

మా ఆవిడకు 2022 నుంచి డయాలసిస్ జరుగుతున్నది. సోమ, బుధ, శుక్రవారాలు. ఆవిడను మొదటినుంచీ చూస్తున్న డాక్టరు గారు విజయవాడలో ఉండటంవల్ల ఏలూరు నుంచి అక్కడికే వెళ్ళి వస్తున్నాం. దీనికోసమే 2016 మోడల్ చిన్న కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి, ఈ జబ్బు అన్ని కంపెనీల బళ్ళకూ వస్తుంది.

2023 మార్చిలో మొదటిసారి ఏసీ చల్లదనం తగ్గింది. దగ్గరలో ఉన్న షాపుకు తీసుకువెళితే "గ్యాస్ అయిపోయింది మాస్టారూ" అన్నాడు. పద్ధెనిమిది వందలిచ్చి పట్టించాను. బ్రహ్మాండంగా చల్లబడింది. జూన్‌లో మళ్ళీ తగ్గింది, మళ్ళీ పట్టించాను. అక్టోబరులో మూడోసారి. 2024 మార్చిలో నాలుగోసారి. అప్పటికి రేటు కూడా రెండు వేలైంది. మా ఆవిడ ఒకరోజు అన్నది కదా: "ఏమండీ, నాకు వారానికి మూడుసార్లు, మీ కారుకు నాలుగు నెలలకోసారి. ఇద్దరినీ ఒకే డాక్టరుకు చూపిస్తే పోలా?"

నేను నవ్వి ఊరుకున్నాను గాని, ఆలోచించి ఉండవలసింది. ఏదైనా ఆఫీసు నుంచి ఒకే యంత్రానికి ఒకే మరమ్మతు బిల్లు ఏడాదిలో మూడోసారి వస్తే నేను పాస్ చేసేవాణ్ణా? ఎర్రసిరాతో అభ్యంతరం రాసి తిప్పి పంపేవాణ్ణి. నా సొంత జేబు దగ్గరకు వచ్చేసరికి నాలుగు బిల్లులూ కళ్ళు మూసుకుని పాస్ చేశాను.

2024 మే నెలలో ఒక శుక్రవారం. డయాలసిస్ ముగించుకుని మధ్యాహ్నం రెండు గంటలకు బయలుదేరాం. గన్నవరం దాటాక ఏసీలోంచి వేడిగాలి మొదలైంది. అద్దాలు దించితే వడగాలి. ఎత్తితే ఉక్క. డయాలసిస్ అయిన పూట ఆవిడకు బి.పి. పడిపోతూ ఉంటుంది. ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడి, తల వాల్చేసింది. దాహం వేసినా కడుపునిండా నీళ్ళు తాగే వీలులేని మనిషి. హనుమాన్ జంక్షన్ ఇంకా రాకముందే రోడ్డు పక్క ఒక పాక హోటలు దగ్గర ఆపాను. ఆ హోటలామె నన్నేమీ అడగలేదు. నులకమంచం వాల్చి, "పడుకో అమ్మా" అని తడిగుడ్డ నుదుటిమీద వేసి, కాళ్ళు ఎత్తులో పెట్టి విసురుతూ కూర్చుంది. నేను డాక్టరు గారికి ఫోను చేసి, ఆయన చెప్పినట్లు చేస్తూ ముప్పావుగంట ఆవిడ చెయ్యి పట్టుకుని ఉన్నాను. పొద్దువాలి కాస్త చల్లబడ్డాకే కదిలాం. ఆ ముప్పావుగంటలో నాకు ఆ నాలుగు బిల్లులే గుర్తుకొచ్చాయి.

మరుసటి వారమంతా అద్దె కారులో తిరిగాం. ఈలోగా ఒక సర్వీస్ సెంటరులో చూపించాను. ఒక గంటలోపలే నలభై ఆరు వేలకు ఎస్టిమేటు చేతిలో పెట్టారు. కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్, పైపులు, అన్నీ మార్చాలట. ఏది చెడిందని అడిగాను. "సెట్ మొత్తం మార్చేస్తే మళ్ళీ కంప్లైంట్ రాదు సార్" అన్నారు. అది జవాబు కాదు కదా. అక్కడినుంచి విజయవాడ ఆటోనగర్‌లో ఏసీ పని ఒక్కటే చేసే ఒక కుర్రాడి దగ్గరకు వెళ్ళాను. అతను మొదట అన్న మాట ఇది: "గ్యాస్ పెట్రోలు లాంటిది కాదు మాస్టారూ, అరిగిపోవడానికి. ఎక్కడో కారితేనే తగ్గుతుంది. ఎక్కడ కారుతున్నదో తెలియకుండా నేను గ్యాస్ ఎక్కించను."

నేను ఇవాళ మీకు చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. మిగతాది దానికి వివరణ.

కారు ఏసీలో ఒకే వాయువు మూసి ఉన్న దారిలో గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. ముందు గ్రిల్ వెనుక ఉండే కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి అది ద్రవమవుతుంది. డ్రయర్‌లో చెమ్మ వదిలించుకుని, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నని రంధ్రంలోంచి డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లోకి చిమ్ముతుంది. అక్కడ ఆవిరై, కారు లోపలి వేడిని లాగేసుకుంటుంది. మళ్ళీ కంప్రెసర్‌కు పోతుంది. మన పాత కార్లలో ఆర్-12 ఉండేది. అది ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం తరువాత క్రమంగా తీసేశారు. ఇప్పుడు మన రోడ్లమీద తిరిగే కార్లలో ఎక్కువగా ఉన్నది ఆర్-134ఎ. కొన్ని కొత్త బళ్ళలో ఆర్-1234వైఎఫ్ వస్తున్నది. ఏ రకమో, ఎన్ని గ్రాములో బానెట్ కింద అతికించిన చీటీమీద రాసి ఉంటుంది. చిన్న కారుకు సుమారు అరకిలో. అంతే. అందులో కొంత కారినా తేడా తెలుస్తుంది, బాగా తగ్గితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను అసలు తిరగనివ్వదు.

రబ్బరు వాషర్లలోంచి ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా పోవడం సహజమే. ఐదారేళ్ళకోసారి పట్టించవలసి వస్తే దాన్ని నేను తప్పుపట్టను. నాలుగు నెలలకోసారి అంటే మాత్రం చిల్లు ఉన్నట్టే లెక్క.

ఆ కుర్రాడు లైనులో నైట్రోజన్ ఒత్తిడి ఎక్కించి మీటరు చూస్తూ ఉంచాడు. అరగంటలో ముల్లు దిగింది. జాయింట్లన్నిటికీ సబ్బునురుగు పట్టించాడు, బుడగ రాలేదు. కండెన్సర్‌కు రాళ్ళదెబ్బలు ఉన్నాయేమో చూశాడు, లేవు. అప్పుడు రవ్వంత గ్యాస్ ఎక్కించి, బ్లోయర్ దగ్గర ఒక చిన్న భాగం ఊడదీసి, వాసన పసిగట్టే పరికరం లోపలికి పెట్టాడు. అది కీచుమని అరిచింది. కూలింగ్ కాయిల్! డ్యాష్‌బోర్డు మొత్తం దింపి కాయిల్ తీసి నా చేతికిచ్చాడు. నల్లటి బురద, కుళ్ళిన వేపాకు, ఒక మూల నూనె మరక. కారిన గ్యాస్‌తో పాటు నూనె కూడా వస్తుంది కనుక ఆ మరకే చిల్లుకు గుర్తు అన్నాడు. మా ఇంటిముందు వేపచెట్టు నీడన కారు పెడుతున్నందుకు ఇన్నాళ్ళూ సంతోషించాను. ఆ ఆకులు అద్దం కింది జాలీలోంచి లోపలికి పోయి, చిరిగిపోయిన క్యాబిన్ ఫిల్టరు దాటి, తడికాయిల్‌ను పట్టుకున్నాయి.

కొత్త కాయిల్, వాల్వ్, డ్రయర్, వాషర్లు, గ్యాస్, కూలీ కలిపి పదమూడు వేలు అయింది. పదమూడు వేలు తక్కువని అనను. కాని నాలుగుసార్లు గ్యాస్‌కు పోసినది అప్పటికే ఏడు వేలు దాటింది. అది గాలిలో కలిసిపోయింది.

ఇక మీ మీ కార్ల మాట. అన్నిసార్లూ కారుడే కారణం కాదు. రోడ్డుమీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి వస్తుంటే ముందు రేడియేటరు ఫ్యాను చూడమనండి, కండెన్సర్‌కు పట్టిన దుమ్ము నీళ్ళతో మెల్లగా కడిగించండి. గాలే తక్కువ వస్తుంటే క్యాబిన్ ఫిల్టరు. అది కొన్ని వందల్లో పని, చాలా కార్లలో మన మనవలు కూడా మార్చగలరు. గంటసేపు బాగా పనిచేసి ఆగిపోయి, కాస్సేపటికి మళ్ళీ అందుకుంటుంటే కంప్రెసర్ క్లచ్ చూడాలి. చాలా బళ్ళకు క్లచ్చో, బేరింగో విడిగా మార్చవచ్చు, దానికోసం కంప్రెసర్ మొత్తం కొననక్కరలేదు. ఎలుక వైరు కొరికిన కేసులూ ఉన్నాయి. మా వియ్యంకుడు గారిది అదే.

కంప్రెసర్ లోపల అరిగి ఇనప రజను లైనంతా పాకితే మాత్రం పొదుపు పనికిరాదు. కొత్త కంప్రెసర్ ఒక్కటే బిగించి ఊరుకుంటే ఆ రజనే దాన్నీ తినేస్తుంది. పైపులు కడగాలి, డ్రయర్, వాల్వ్ మార్చాలి. ఇప్పటి కండెన్సర్ల దారులు మరీ సన్నన, కడిగినా శుభ్రం కావు కనుక సాధారణంగా అదీ మార్చవలసిందే. బాగుచేసిన పాత కంప్రెసర్ సగం ధరకు దొరుకుతుంది. తీసుకోవచ్చు, కాని ఎన్ని నెలల గ్యారంటీయో బిల్లుమీద రాయించుకోండి. నోటిమాట గ్యారంటీకి పద్దు ఉండదు. కారుకు వారంటీ ఇంకా ఉంటే బయట చేయి పెట్టించకుండా ముందు ఆ కాగితాలు చదవండి.

గ్యాస్ పట్టించేటప్పుడు దగ్గరే నిలబడండి. ముందు వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట లోపలి గాలీ చెమ్మా లాగాలి. తరువాత తూకం వేసి గ్రాముల లెక్కన ఎక్కించాలి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. చిల్లు పూడ్చే మందు అని డబ్బాల్లో అమ్మేది వేయించకండి, అది లోపల గడ్డకట్టి మంచి భాగాలను కూడా పాడుచేస్తుంది. చౌక అని వంటగ్యాస్ జాతి వాయువు ఎక్కించుకోవడానికి అస్సలు ఒప్పుకోవద్దు. కాయిల్ కారితే అది వచ్చేది మనం కూర్చున్న చోటికే, నిప్పురవ్వ చాలు.

మన వయసువారికి ఇంకొక మాట. కారు వారాల తరబడి షెడ్డులో ఉంచుతాం, చలికాలం ఏసీ ముట్టుకోం. అలా ఉంచితే కంప్రెసర్ సీలుకు నూనె అందక ఎండిపోతుంది, అక్కడినుంచి కారుడు మొదలవుతుంది. వారానికోసారి పది నిముషాలు ఏసీ వేసి ఒక చుట్టు తిప్పి రండి. తలుపులు మూసిన షెడ్డులో మాత్రం ఇంజను నడపవద్దు, ఆ పొగ ప్రాణాంతకం.

డబ్బు తీసుకుని పని చేయకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. కారణం పుట్టిన రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల వరకు ఫీజు లేదు. దానికంటే ముందు 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకోవచ్చు. అయితే చేతిలో బిల్లు ఉండాలి. నేను ఆ నాలుగుసార్లూ బిల్లు తీసుకోలేదు. ట్రెజరీవాణ్ణి! అందుకే ఎక్కడికీ పోలేకపోయాను. ఇప్పుడు మాత్రం పని చేయించిన ప్రతిసారీ కారణం ఏమిటో కాగితంమీద రాయించుకుంటున్నాను, తీసిన పాత సామాను అడిగి చూస్తున్నాను. ఆ పాత కాయిల్ మా ఇంట్లో అటకమీద ఉంది. పారేయమంటుంది మా ఆవిడ.

మొన్న వేసవి అంతా ఏసీ ఇబ్బంది పెట్టలేదు. ఆ హోటలు దగ్గర ఇప్పటికీ వారానికోసారి ఆగుతాం. ఆవిడ కారు దిగి ఆ హోటలామెతో రెండు మాటలు మాట్లాడి వస్తుంది.

అధ్యక్షులు గారు గడియారం చూస్తున్నారు. ఎవరికైనా సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి, లేదా ఇంటికి రండి. సోమ, బుధ, శుక్రవారాలు మాత్రం నేను దొరకను.