అరుదైన జబ్బుకు ఊళ్లోనే వైద్యుడు

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) మన వైపు అరుదు కదా, దాన్నే నమ్ముకుని కూర్చునే న్యూరాలజిస్టు తిరుపతికి ఎందుకని అడిగేవారున్నారు. పక్షవాతం, మూర్ఛ, మెదడు క్షయ రోగులతో ఓపీ నిండిపోయే చోట ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయినా అరుదు కనుకే ఆ వైద్యుడు ఇక్కడ కావాలన్నది నా వాదం.

1868లో పారిస్‌లో నాడీవైద్యుడు షార్కో ఈ జబ్బు స్వరూపాన్ని స్పష్టంగా వివరించాడు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ. మన దేశంలో ఇది దాదాపు లేదని చాలాకాలం అనుకున్నాం. ఎమ్మారై వచ్చాక ఆ నమ్మకం సడలింది. 2001లో వచ్చిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలతో నిర్ధారణ త్వరగా జరుగుతోంది. అయితే వాటికొక షరతుంది: ఆ లక్షణాలకు ఇంతకన్నా సరిపోయే జబ్బు మరొకటి ఉండకూడదు. జబ్బు విరివిగా ఉండే చలిదేశాల్లో ఈ షరతు పెద్దగా ఇబ్బంది పెట్టదు. మన దగ్గర అసలు పనంతా అక్కడే. స్కాన్‌లో కనబడే తెల్ల మచ్చ క్షయది కావచ్చు, బి12 లోపానిది కావచ్చు, న్యూరోమైలైటిస్ ఆప్టికాది కావచ్చు. ఈ చివరిదాన్ని పట్టించే ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ సంగతి 2004లో గాని తేలలేదు. అంతవరకు దాన్ని ఎం.ఎస్.లో ఒక రకంగానే చాలామంది జమకట్టారు. అది పేరు మారినంత చిన్న విషయం కాదు. ఎం.ఎస్.కు మేలు చేసే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్ ఆ జబ్బును ముదరబెట్టగలవు. అందులో ఒక్క దాడితోనే కన్ను శాశ్వతంగా పోవచ్చు.

జబ్బు నడక కూడా వైద్యుణ్ణి ఏమార్చేదే. తొలిదశలో చాలామందికి దాడి వచ్చి, కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గుతుంది. తగ్గేనాటికి ఏ మందు వాడుతుంటే పేరు దానికే: పల్లెలో నాటుమందుకు, పట్నంలో బి12 సూదికి. ఆ సూది వేసేది మనవాళ్లే గనక నాటువైద్యుణ్ణి చూసి నవ్వే హక్కు మనకు లేదు. పీలేరులోనో పుంగనూరులోనో ఒక అమ్మాయికి ఒక కన్ను మసకబారి, గుడ్డు కదిపితే నొప్పి చేస్తుంది. కంటి డాక్టరు చూస్తారు, నెలకు చూపు తేటపడుతుంది. రెండేళ్లకు కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఈసారి ఎముకల డాక్టరు. ఆ రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చదివేవారు లేకపోతే అవి రెండు వేర్వేరు జబ్బులే. ఇక మన ఎండ సంగతి. ఒంటి వేడి పెరిగితే దెబ్బతిన్న నరాల్లో సంకేతం మందగిస్తుంది; శ్రమపడితే ఈ రోగులకు చూపు మసకబారడాన్ని 1890 నాటికే నేత్రవైద్యుడు ఊతాఫ్ గమనించాడు. అలిపిరి మెట్లెక్కుతుంటే చూపు మసకేసి, నీడన కూర్చుని చల్లబడ్డాక మళ్లీ తేటపడితే అది కొత్త దాడి కాదు. ఈ తేడా తెలియకపోతే ఆ మనిషికి మూడు నుంచి ఐదు రోజులపాటు రోజుకో గ్రాము మిథైల్‌ప్రెడ్నిసోలోన్ ఊరికే ఎక్కించేస్తారు.

వేలూరు సీఎంసీ ఆసుపత్రి పక్కనే ఉంది కదా అంటారు. జాకబ్ చాందీ 1949లో అక్కడ నాడీ శస్త్రవైద్యం మొదలుపెట్టిన నాటినుంచి మన జిల్లా ఆ ఊరికి రుణపడే ఉంది. చిక్కు కేసు అక్కడికి వెళ్లవలసిందే. కానీ ఇది ఒకసారి చూపించుకుంటే తీరే జబ్బు కాదు. దశాబ్దాల పాటు వెంట ఉండేది. మూత్రం పట్టేసినా, కడుపుతో ఉన్నప్పుడు మందు ఆపాలా అన్నా, ప్రతిసారీ రాష్ట్ర సరిహద్దు దాటమనలేం. మందే కొనలేనివాళ్లకు జబ్బు పేరు తెలిసి ఏం లాభమన్నది ఇంతకన్నా గట్టి ఆక్షేపణ. 2017లో అమెరికాలో అనుమతి పొందిన ఆక్రెలిజుమాబ్ మన రైతు కుటుంబానికి అందేది కాదు. అయితే అదే కోవలోని పాత మందు రిటుక్సిమాబ్‌ను అంతకన్నా తక్కువ ఖర్చుతో మన న్యూరాలజిస్టులు వాడుతూనే ఉన్నారు. ఎక్కించే ముందు క్షయ, హెపటైటిస్ బి లేవని చూసుకోవడం, ఆ తర్వాత కనిపెట్టి ఉండటం దగ్గరున్న వైద్యుడి పని. పైగా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎం.ఎస్.ను పేరుపెట్టి చేర్చింది. నిర్ధారణ కాగితం లేనిదే ఆ చట్టం కింద ధ్రువపత్రం రాదు.

ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడు, డీఎం మూడు. పదకొండున్నరేళ్లు చదివినవాణ్ణి ఈ ఒక్క జబ్బు కోసం ఇంకో ఏడాది నేర్చుకోమంటే ఇంట్లోవాళ్లే ఒప్పుకోరు. అందుకే ఇతర రోగులను వదిలేసి ఇదొక్కటే చూడమని అనను. వారంలో ఒక పూట దీనికి, మిగతా రోజులు అందరికీ. ఇక్కడుంటే ఎదుగుదల ఉండదన్న భయానికి ఆధారం తక్కువ: తిరుపతి వైద్యసంస్థ స్విమ్స్‌లో న్యూరాలజీ ఆచార్యులైన బి. వెంగమ్మ ఆ సంస్థకే సంచాలకులు, ఉపకులపతి అయ్యారు. ఒక్క జబ్బును పట్టుకుని ఒకే చోట నిలబడితే ఏమవుతుందో మదనపల్లె చూపించింది. 1915 నుంచి ఆరోగ్యవరం శానటోరియంలో క్షయను అంటిపెట్టుకుని ఉన్నారు గనకే 1950ల్లో బి.సి.జి. టీకా పరీక్షకు ఆ చుట్టుపక్కల పల్లెలు సిద్ధంగా దొరికాయి.

మనకు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు, ఉమ్మడి రిజిస్టరు ఒకటి చాలు. తొలి దాడి ఎప్పుడు, ఏ కన్ను, ఎన్నాళ్లకు తగ్గింది, అప్పటికి ఏం వాడుతున్నారు. ఇంకా ఏ వివరాలు రాయాలో మధ్యాహ్నం సమావేశంలో తేల్చుకుందాం. ఎం.ఎస్.కూ న్యూరోమైలైటిస్‌కూ వేర్వేరు పుస్తకాలు వద్దని మాత్రం ఇప్పుడే ప్రతిపాదిస్తున్నాను. మొదటి ఏడాది ఏది ఏదో చాలాసార్లు మనకే తెలియదు.